ఒకే నిద్రమత్తు, పదిహేను కోడ్‌లు

పగలంతా నిద్ర తూగుతోందని పేషెంట్ చెబుతాడు. డాక్టర్ చార్ట్‌లో "పగటిపూట అధిక నిద్రమత్తు" అని ఒక ముక్క రాసి పరీక్షలకు పంపుతారు. ఆ ముక్క కోడర్ (చార్ట్‌లోని జబ్బులను బీమా క్లెయిమ్ కోడ్‌లుగా మార్చే ఉద్యోగి) చేతికి వచ్చేసరికి, అమెరికాలో వాడే జబ్బుల కోడ్ పుస్తకం ఐసీడీ-10-సీఎంలో దానికి తగిన గళ్లు పదిహేను కనబడతాయి. జి47.1 కింద ఆరు, నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నాడీ జబ్బు) కింద నాలుగు, ఎఫ్51.1 కింద నాలుగు, లక్షణాల అధ్యాయంలో ఆర్40.0 ఒకటి. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే నిద్ర సమస్యల కోడ్‌లు, నిద్ర చాలకపోవడానికి ఉన్న జడ్ కోడ్ ఈ లెక్కలోకి రాలేదు. (జి, ఎఫ్, ఆర్, జడ్ అన్నవి కోడ్ మొదట ఉండే ఇంగ్లిష్ అక్షరాలు.)

ఇదంతా కోడర్ జ్ఞాపకశక్తికి పరీక్ష అనుకుంటారు చాలామంది. నిజానికి చార్ట్ ఒక్క ప్రశ్నకు జవాబిస్తే చాలు, కోడ్ దాదాపు దానంతటదే దొరుకుతుంది. ఈ నిద్రమత్తు ఇప్పటికి లక్షణం మాత్రమేనా, దానికదే జబ్బా, లేక ఇంకో జబ్బుకో మందుకో తోకా? డినయల్స్‌లో (బీమా కంపెనీ తిరస్కరించిన క్లెయిమ్‌లు), ఆడిట్ వ్యాఖ్యల్లో, ఆగిపోయిన ప్రయర్ ఆథరైజేషన్లలో (బీమా ముందస్తు అనుమతులు) వెనక్కి వెళ్లి చూస్తే ఈ జవాబు లేకపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంత వివరం అమెరికా వెర్షన్‌కే ప్రత్యేకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూల ఐసీడీ-10లో అతినిద్రకు జి47.1, నార్కోలెప్సీకి జి47.4, శారీరక కారణం లేని అతినిద్రకు ఎఫ్51.1 ఉన్నాయి, అంతే. 2015 అక్టోబర్ 1 నుంచి అమెరికా వాడుతున్న సీఎం వెర్షన్ ఆ మూడింటినీ ఐదో, ఆరో అక్షరం దాకా చీల్చింది. అందుకే క్లెయిమ్‌లో జి47.1 అనో, జి47.41 అనో పెట్టి వదిలేస్తే అది చెల్లని కోడ్‌గా వెనక్కి వస్తుంది.

మగత, అలసట, అతినిద్ర

తెలుగులో మగత వేరు, అలసట వేరు, అతినిద్ర వేరు. కోడింగ్‌లోనూ అంతే. కళ్లు మూతలు పడుతుండటం, నిద్ర ముంచుకు రావడం ఆర్40.0. ఒంట్లో సత్తువ లేదు, కానీ పడుకుంటే నిద్ర పట్టదు అన్నది అలసట, ఆర్53.83. అతినిద్ర అంటే హైపర్‌సామ్నియా అనే రోగనిర్ధారణ. డాక్టర్ ఆ మాట రాసి, రకం చెప్పకపోతే జి47.10.

అలసట అని రాసి నిద్ర పరీక్షకు పంపితే పేయర్ (డబ్బు చెల్లించే బీమా సంస్థ) అడ్డం తిరగడంలో ఆశ్చర్యం లేదు. నీరసానికి రక్తహీనత నుంచి థైరాయిడ్ దాకా వంద కారణాలుంటాయి, నిద్ర ప్రయోగశాల వాటికి మొదటి మెట్టు కాదు. పేషెంట్ "నీరసం" అన్న మాటనే వాడినా, కూర్చున్న చోట కునుకు పడుతోందా లేదా అని అడిగి ఆ జవాబు రాయాల్సింది డాక్టరే. ఎప్‌వర్త్ స్కేల్ అందుకే ఉంది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు అంటూ ఎనిమిది సందర్భాలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 24. పది దాటితే ఎక్కువ కింద లెక్క. అయితే స్కోర్ 17 ఉందని కోడర్ స్వయంగా హైపర్‌సామ్నియా వేయడానికి లేదు. అంకె ఆధారం మాత్రమే, రోగనిర్ధారణ ప్రొవైడర్ (చికిత్స చేసే డాక్టర్) రాయాలి.

"పగటిపూట అధిక నిద్రమత్తు" అన్న పదబంధమే అన్నిటికంటే ఇబ్బంది పెడుతుంది. కొందరు దాన్ని ఆర్40.0గా, కొందరు జి47.10గా, ఇంకొందరు ఇతర హైపర్‌సామ్నియా అయిన జి47.19గా వేస్తారు. ఒకే సంస్థలో ముగ్గురు కోడర్లు మూడు రకాలుగా వేస్తే ఆడిట్‌లో దొరికేది ఆ తేడానే. మా అభిప్రాయంలో, ఇంకా కారణం తెలియని తొలి సందర్శనలో అది లక్షణం. డాక్టర్ దాన్నే జబ్బుగా భావిస్తే "హైపర్‌సామ్నియా" అని రాయమని అడగడం అందరికీ మేలు. జి47.19ని "ఏదీ కుదరకపోతే వేసే" కోడ్‌గా వాడకూడదు. రకం స్పష్టంగా రాసి ఉండి, దానికి ప్రత్యేక కోడ్ లేనప్పుడు వాడేది అది. రకం రాయనప్పుడు వాడేది జి47.10. ఈ రెండింటినీ తారుమారు చేయడం కొత్త కోడర్లే కాదు, పాతవాళ్లూ చేస్తుంటారు.

కారణం తెలియని అతినిద్ర: పాత వర్గీకరణ మిగిల్చిన చిక్కు

ఇడియోపతిక్ హైపర్‌సామ్నియాకు రెండు కోడ్‌లు: దీర్ఘ నిద్రతో కలిసి ఉంటే జి47.11, దీర్ఘ నిద్ర లేకుంటే జి47.12. ఈ విభజన 2005 నాటి అంతర్జాతీయ నిద్ర రుగ్మతల వర్గీకరణ రెండో కూర్పు నుంచి వచ్చింది. అప్పట్లో రాత్రి నిద్ర 10 గంటలు దాటితే ఒక జబ్బు, 6 నుంచి 10 గంటల మధ్య ఉంటే మరో జబ్బు. 2014లో వచ్చిన మూడో కూర్పు ఆ రెంటినీ కలిపేసి ఒకే జబ్బు చేసింది. కోడ్ పుస్తకం మాత్రం మారలేదు.

దీని ఫలితం రోజూ కనిపిస్తుంది. నిద్ర వైద్యంలో ఇటీవలి శిక్షణ పొందిన డాక్టర్ "ఇడియోపతిక్ హైపర్‌సామ్నియా" అని మాత్రమే రాస్తారు. వాళ్ల దృష్టిలో అంతకు మించి రాయాల్సింది లేదు. కోడ్ పుస్తకంలో ఆ పేరు ఒంటరిగా వస్తే అది జి47.11 కిందికే పోతుంది, ఎందుకంటే వివరం లేని ఇడియోపతిక్ హైపర్‌సామ్నియాను ఆ కోడ్ కిందే చేర్చారు. అంటే రాత్రి ఎనిమిది గంటలే పడుకునే పేషెంట్ రికార్డులో కూడా "దీర్ఘ నిద్రతో" అన్న శీర్షిక చేరుతుంది. తర్వాత బీమా సమీక్షకుడు చార్ట్ తెరిచి, దీర్ఘ నిద్రకు రుజువేదని అడుగుతాడు.

ఈ జబ్బుకు రుజువు ఎలా ఉండాలో ఇప్పటి వర్గీకరణ చెబుతోంది. 24 గంటల్లో మొత్తం నిద్ర 660 నిమిషాలు, అంటే 11 గంటలు ఉండాలి. దాన్ని 24 గంటల పాలీసామ్నోగ్రఫీతోనో (నిద్రలో మెదడు తరంగాలు, శ్వాస వగైరా రికార్డు చేసే పరీక్ష), కనీసం ఏడు రోజుల మణికట్టు ఆక్టిగ్రఫీ (కదలికలను బట్టి నిద్రను కొలిచే పరికరం) సగటుతోనో చూపాలి. లేదంటే మల్టిపుల్ స్లీప్ లేటెన్సీ టెస్టులో (ఎంఎస్‌ఎల్‌టీ, పగలు కునుకులు తీయించి ఎంత త్వరగా నిద్రపడుతుందో కొలిచే పరీక్ష) సగటున 8 నిమిషాల్లోపు నిద్రపట్టాలి. ఆ పరీక్షలో త్వరగా రెమ్ నిద్రలోకి (కలలు ఎక్కువగా వచ్చే దశ) జారిన కునుకులు రెండు కంటే తక్కువ ఉండాలి. పాత నిర్వచనంలో 10 గంటలు, కొత్త కొలతలో 11 గంటలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పేషెంట్‌కు ఏ కోడ్ అన్నది కోడర్ తేల్చే విషయం కాదు. చార్ట్‌లో "దీర్ఘ నిద్రతో" లేదా "దీర్ఘ నిద్ర లేకుండా" అన్న ఒక్క మాట, పక్కన కొలిచిన గంటలు ఉంటే ఇదంతా మొదట్లోనే తెగిపోతుంది.

ఈ కోడ్‌కు డబ్బు లెక్క కూడా ముడిపడి ఉంది. పెద్దవాళ్లలో ఇడియోపతిక్ హైపర్‌సామ్నియాకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన తొలి మందు తక్కువ సోడియం ఉన్న ఆక్సిబేట్, జైవేవ్ అనే పేరుతో. ఆ ఆమోదం 2021 ఆగస్టులో వచ్చింది. మోడాఫినిల్ ఆమోదం నార్కోలెప్సీ, నిద్రలో శ్వాస ఆగే జబ్బు, షిఫ్టు పని రుగ్మతలకు. సోల్రియామ్‌ఫెటోల్ ఆమోదం నార్కోలెప్సీకి, శ్వాస ఆగే జబ్బుకు. కాబట్టి జి47.10తో ఆక్సిబేట్ అభ్యర్థన పంపితే, అతినిద్ర ఉందని తెలిసినా దాని రకం తెలియదని మనమే చెప్పినట్టు. అది ఆగిపోతుంది. జి47.11తో మోడాఫినిల్ అడిగితే అది లేబుల్ దాటిన వాడకం. ఇంతకుముందు ఏం వాడారు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు, ఎందుకు ఆపారు అన్న చరిత్ర లేకుండా ఒప్పించడం కష్టం.

నార్కోలెప్సీ: కాటప్లెక్సీ అన్న మాట ఉందా లేదా

నవ్వొచ్చినప్పుడో, ఆశ్చర్యపోయినప్పుడో స్పృహ ఉండగానే మోకాళ్లు సడలిపోవడం, దవడ వేలాడిపోవడం కాటప్లెక్సీ. అది ఉంటే జి47.411, లేకుంటే జి47.419. ఏమీ చెప్పని "నార్కోలెప్సీ" కూడా జి47.419కే చేరుతుంది.

డాక్టర్లు ఇప్పుడు టైప్ 1, టైప్ 2 అంటున్నారు. ఈ రెండు భాషలూ పూర్తిగా ఒకటి కావు. వెన్ను ద్రవంలో హైపోక్రెటిన్-1 (మెలకువను నిలిపే మెదడు రసాయనం) మిల్లీలీటరుకు 110 పీకోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉంటే కాటప్లెక్సీ కనబడకపోయినా అది టైప్ 1. కోడ్ శీర్షిక మాత్రం హైపోక్రెటిన్‌ను అడగదు, కాటప్లెక్సీని అడుగుతుంది. అందుకే "టైప్ 1" అని మాత్రమే ఉన్న చార్ట్‌లో జి47.411 అని ఊహించి వేయకుండా క్వెరీ (డాక్టర్‌కు రాతపూర్వక ప్రశ్న) పంపడం క్షేమం. చార్ట్‌లో కాటప్లెక్సీ గురించి రెండు వాక్యాలుంటే చాలు: దేనికి వస్తుంది, ఏ కండరాలు సడలుతాయి, ఎన్ని సెకన్లు, వారానికి ఎన్నిసార్లు, స్పృహ ఉంటుందా. లేకపోతే "కాటప్లెక్సీ లేదు" అని రాయాలి. ఏమీ రాయకపోవడం, లేదని రాయడం సమీక్షకుడి కంటికి ఒకటి కాదు.

ఇంకో జబ్బు వల్ల వచ్చిన నార్కోలెప్సీకి జి47.421, జి47.429 ఉన్నాయి. వీటికి "ముందు మూల వ్యాధిని కోడ్ చేయండి" అన్న సూచన ఉంది. కాబట్టి ఇవి ఎప్పుడూ మొదటి స్థానంలోకి రావు. సాఫ్ట్‌వేర్ తనిఖీ (ఎడిట్) పట్టుకోకపోతే పేయర్ పట్టుకుంటుంది.

ఇంకొక పొరపాటు, చూడ్డానికి చిన్నది. "హిస్టరీ ఆఫ్ నార్కోలెప్సీ". డాక్టర్ ఉద్దేశం ఈ పేషెంట్‌కు చాలాకాలంగా నార్కోలెప్సీ ఉందని. కోడింగ్ భాషలో హిస్టరీ అంటే తగ్గిపోయి ఇప్పుడు లేని జబ్బు, జడ్ కోడ్‌కు వెళ్లేది. నార్కోలెప్సీ అలా తగ్గిపోయే జబ్బు కాదు. "నార్కోలెప్సీ, కాటప్లెక్సీ లేదు, మోడాఫినిల్ 200 మిల్లీగ్రాములతో చికిత్స కొనసాగుతోంది" అని రాస్తే పేచీ ఉండదు.

ఇంకో జబ్బుకు తోకగా వచ్చినప్పుడు

జి47.14 అంటే వైద్య సంబంధమైన జబ్బు వల్ల వచ్చిన అతినిద్ర. పార్కిన్‌సన్స్, మయోటోనిక్ డిస్ట్రఫీ, ప్రాడర్-విల్లీ సిండ్రోమ్, తల గాయం తర్వాతి పరిస్థితి ఇలాంటివి. దీనికి ఉన్న సూచన "సంబంధిత జబ్బును కూడా కోడ్ చేయండి" అని. పైన చెప్పిన "ముందు కోడ్ చేయండి"కి, ఈ "కూడా"కి తేడా ఉంది. ఇక్కడ వరుసను సందర్శన కారణం నిర్ణయిస్తుంది. నిద్ర క్లినిక్‌కు అతినిద్ర కోసమే వచ్చిన పార్కిన్‌సన్స్ పేషెంట్‌కు జి47.14 మొదట రావచ్చు. పార్కిన్‌సన్స్ కోడ్ వేసేటప్పుడు పాత జి20 ఒక్కటే వేస్తే చెల్లదు. 2023 అక్టోబర్ నుంచి అది జి20.ఎ1 మొదలుకొని జి20.సి దాకా విడిపోయింది. అతినిద్ర కోడ్ సరిగ్గా ఉండి, తోడు కోడ్ పాతబడి క్లెయిమ్ తిరిగొచ్చిందంటే చాలాసార్లు ఇలాంటిదే కారణం.

"వల్ల" అన్న సంబంధం చార్ట్‌లో ఉండాలి. పార్కిన్‌సన్స్ ఒక లైన్లో, హైపర్‌సామ్నియా ఇంకో లైన్లో ఉంటే జి47.14 కాదు, అవి రెండు విడి జబ్బులు.

నిద్రలో శ్వాస ఆగే జబ్బు, జి47.33, దగ్గర జాగ్రత్త అవసరం. పగటి నిద్రమత్తు ఆ జబ్బులో సహజంగా ఉండే లక్షణం. మార్గదర్శకాల ప్రకారం జబ్బులో భాగమైన లక్షణాన్ని విడిగా కోడ్ చేయరు. కాబట్టి జి47.33 పక్కన ఆర్40.0 చేర్చడం అనవసరం. అయితే సీప్యాప్ (శ్వాసమార్గం మూసుకోకుండా గాలి పంపే మిషన్) సరిగ్గా వాడుతున్నా, శ్వాస ఆగడం అదుపులోకి వచ్చినా నిద్రమత్తు పోని వాళ్లుంటారు. నిద్ర వర్గీకరణ దీన్ని వైద్య జబ్బు వల్ల వచ్చే అతినిద్రలో ఒక ఉపరకంగా గుర్తించింది. డాక్టర్ "తగిన చికిత్స అందినా మిగిలిన హైపర్‌సామ్నియా, స్లీప్ యాప్నియా వల్ల" అని విడి రోగనిర్ధారణగా రాసినప్పుడే జి47.14, జి47.33 జంటగా నిలుస్తాయి. ఆ వాక్యం కింద మిషన్ నుంచి దించుకున్న లెక్కలు ఉండాలి: ఎన్ని రాత్రులు, రాత్రికి సగటున ఎన్ని గంటలు, గంటకు ఎన్నిసార్లు ఇంకా శ్వాస ఆగుతోంది. "సీప్యాప్ బాగానే వాడుతున్నాడు" అన్నది లెక్క కాదు.

మానసిక జబ్బు వల్ల అయితే ఎఫ్51.13, దాంతోపాటు ఆ మానసిక జబ్బు కోడ్. మద్యం, మాదకద్రవ్యాల వాడకం వల్ల వచ్చినది ఎఫ్10 నుంచి మొదలయ్యే వర్గాల్లోకి పోతుంది. మద్యానికి దుర్వినియోగమైతే ఎఫ్10.182, ఆధారపడటం ఉంటే ఎఫ్10.282, వాడకం అని మాత్రమే ఉంటే ఎఫ్10.982. డాక్టర్ రాసిచ్చిన మందును చెప్పినట్టే వేసుకున్నా మగత వస్తే అది ఈ వర్గం కాదు, మందు దుష్ప్రభావం. అలర్జీ మాత్రతో మగత వస్తే ఆర్40.0 ముందు, తర్వాత టి45.0ఎక్స్5ఎ. అదే మాత్రలు పొరపాటున రెట్టింపు వేసుకుంటే విషప్రభావం కింద లెక్క. అప్పుడు టి45.0ఎక్స్1ఎ ముందుకొస్తుంది, మగత వెనక్కి పోతుంది. ఒక్క అంకె మారితే వరుసే తిరగబడుతుంది. అందుకే మందు పేరు, మోతాదు, చెప్పినట్టే వాడారా లేదా అన్న మూడూ చార్ట్‌లో ఉండాలి.

అసలు నిద్రే చాలకపోతే

రోజుకు ఐదు గంటలు పడుకుని పగలు తూగేవాళ్లకు జబ్బు వెతకడం కంటే ముందు నిద్ర డైరీ చూడాలి. నెలల తరబడి ఇలా సాగి, నిద్ర పెంచితే మత్తు పోతే అది ఇన్‌సఫిషియంట్ స్లీప్ సిండ్రోమ్, ఎఫ్51.12. పాపాయి పుట్టాక కొన్ని వారాలుగా నిద్ర లేదు అన్నది జడ్72.820, నిద్ర చాలని పరిస్థితి. ఈ రెండింటినీ కలిపి వేయడానికి కోడ్ పుస్తకంలోని ఎక్స్‌క్లూడ్స్1 అనే సూచన ఒప్పుకోదు. జి47, ఎఫ్51 వర్గాల మధ్య ఉన్నది మాత్రం ఎక్స్‌క్లూడ్స్2. అంటే రెండు వేర్వేరు సమస్యలు నిజంగా ఉండి, రెండూ రాసి ఉంటే రెండూ కోడ్ చేయవచ్చు. ఎక్స్‌క్లూడ్స్ అన్న మాట చూడగానే ఒకదాన్ని కొట్టేయడం తొందరపాటు.

ఎఫ్51.11, ప్రైమరీ హైపర్‌సామ్నియా, చూడ్డానికి ఇడియోపతిక్‌కు అన్నదమ్ములా ఉంటుంది. కానీ ఇది మానసిక అధ్యాయంలోది. కొన్ని బీమా పథకాల్లో మానసిక ఆరోగ్య విభాగం కిందికి మళ్లుతుంది కాబట్టి, నిద్ర వైద్యుడి క్లెయిమ్‌లో పొరపాటున పడితే గందరగోళమే. డాక్టర్ "ప్రైమరీ" అని రాస్తే ఏ అర్థంలో రాశారో అడగడం మంచిది.

కొన్ని రోజుల నుంచి వారాల పాటు ఏకధాటిగా నిద్ర, మధ్యలో పూర్తిగా మామూలు మనిషి. ఈ క్లైన్-లెవిన్ సిండ్రోమ్, నెలసరితో ముడిపడిన అతినిద్ర జి47.13. ఒక్కో విడత సాధారణంగా 2 రోజుల నుంచి 5 వారాలు ఉంటుంది. విడతల తేదీలు రాస్తే చాలు.

"అనుకూలంగా ఉంది" అన్న మాట చేసే హాని

ఒక పేషెంట్ దారి చూద్దాం. తొలి సందర్శనలో డాక్టర్ "నార్కోలెప్సీ అనుమానం" అని రాశారు. అవుట్‌పేషెంట్ నియమాల ప్రకారం అనుమానం, బహుశా, సంభావ్యం, తోసిపుచ్చాలి లాంటి మాటలున్న రోగనిర్ధారణను కోడ్ చేయకూడదు. తెలిసినంత మేరకే, అంటే లక్షణానికే కోడ్. (ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయ్యే ఇన్‌పేషెంట్‌కు నియమం తలకిందులు. డిశ్చార్జి నాటికి అనుమానంగా ఉన్నదాన్ని ఉన్నట్టే కోడ్ చేస్తారు.) కాబట్టి పరీక్ష ఆర్డర్ మీద ఆర్40.0 లేదా జి47.10 ఉంటుంది. నార్కోలెప్సీ కోడ్ పెడితేనే పరీక్షకు ఒప్పుకుంటారని ముందే వేయడం తప్పు. పరీక్ష తర్వాత అది నార్కోలెప్సీ కాదని తేలినా ఆ కోడ్ పేషెంట్ రికార్డులో అతుక్కుపోయి ఉంటుంది.

తర్వాత పరీక్షలు. ముందు ఒకటి రెండు వారాల నిద్ర డైరీ, వీలైతే ఆక్టిగ్రఫీ. ఆక్టిగ్రఫీకి సీపీటీ (అమెరికాలో వైద్య సేవలకు వాడే కోడ్‌లు) 95803, కనీసం 72 గంటలు, గరిష్ఠంగా వరుసగా 14 రోజులు. రెమ్ నిద్రను అణిచే యాంటీడిప్రెసెంట్‌లను డాక్టర్ పర్యవేక్షణలో కనీసం రెండు వారాల ముందు ఆపుతారు, ఫ్లూఆక్సెటిన్‌కు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ రాత్రి ల్యాబ్‌లో పాలీసామ్నోగ్రఫీ, ఆరేళ్లు ఆపై వయసుకు 95810. మరుసటి పగలు రెండేసి గంటల ఎడంతో ఐదు కునుకుల పరీక్ష, 95805. కునుకులు ఐదైనా యూనిట్ ఒక్కటే. నాలుగు కంటే తక్కువ కునుకులు రికార్డయితే, లేదా రాత్రి రికార్డింగ్ ఆరు గంటల లోపే ఆగితే సేవ తగ్గిందని చూపే 52 మాడిఫయర్ వేయాలి. ఆరు గంటలు రికార్డు చేయడం వేరు, పేషెంట్ ఆరు గంటలు పడుకోవడం వేరు. మొదటిది బిల్లింగ్ లెక్క, రెండోది మరుసటి పగటి ఫలితం నమ్మదగినదా అన్న వైద్య లెక్క. రాత్రి నాలుగు గంటలే పడుకున్న మనిషి పగలు ఐదు నిమిషాల్లో నిద్రపోతే అందులో వింతేముంది? ఇంటి దగ్గర చేసే శ్వాస పరీక్ష ఈ రాత్రి పరీక్షకు బదులు కాదు, ఎందుకంటే అందులో నిద్ర దశలు సాధారణంగా నమోదు కావు.

ఇక ఫలితాలు. సగటు 8 నిమిషాలు లేదా అంతకు తక్కువ, రెమ్‌తో మొదలైన నిద్రలు రెండు లేదా ఎక్కువ ఉంటే నార్కోలెప్సీ వైపు మొగ్గు. ముందు రాత్రి నిద్రపట్టిన 15 నిమిషాల్లోపు రెమ్ వస్తే దాన్నీ ఒకటిగా లెక్కపెట్టొచ్చు. ఇక్కడే అందరూ జారిపడే చోటు ఉంది. పరీక్ష చదివిన డాక్టర్ రిపోర్టు చివర "ఫలితాలు నార్కోలెప్సీకి అనుకూలంగా ఉన్నాయి" అని రాస్తారు. వైద్యులకు అది బలమైన వాక్యం. కోడింగ్ మార్గదర్శకాల్లో "అనుకూలంగా ఉంది" అన్నది అనుమానం మాటల జాబితాలోనే ఉంది. అవుట్‌పేషెంట్‌లో దాన్ని చూసి జి47.419 వేయకూడదు. రిపోర్టులో "నార్కోలెప్సీ, కాటప్లెక్సీ లేకుండా" అని నేరుగా ఉంటే, లేదా తర్వాతి సందర్శనలో డాక్టర్ చరిత్రతో కలిపి అలా రాస్తే అప్పుడు వేయాలి. ఈ ఒక్క వాక్యం మార్చుకోమని ల్యాబ్ డాక్టర్లకు చెబితే తిరిగొచ్చే క్లెయిమ్‌లు ఎన్ని తగ్గుతాయో చెప్పనక్కర్లేదు. కాకపోతే నిజంగా తేల్చలేని ఫలితం దగ్గర తేల్చినట్టు రాయమనడం కూడా తప్పే.

చార్ట్‌లో ఏముండాలి

మంచి నోట్ పొడవుగా ఉండనక్కర్లేదు. ఇలా ఉంటే సరిపోతుంది: "14 నెలలుగా రోజూ పగటి నిద్ర. రాత్రి 9 గంటలు పడుకుంటారు, 14 రోజుల ఆక్టిగ్రఫీ సగటు 8 గంటల 50 నిమిషాలు. ఎప్‌వర్త్ 18. కునుకు తర్వాత తేరుకోవడం లేదు. కాటప్లెక్సీ లేదు, నిద్ర పక్షవాతం లేదు. మగత తెచ్చే మందులు లేవు, మద్యం లేదు. పాలీసామ్నోగ్రఫీలో శ్వాస సమస్య లేదు, మొత్తం నిద్ర 430 నిమిషాలు. ఎంఎస్‌ఎల్‌టీ సగటు 5.2 నిమిషాలు, 5 కునుకుల్లో రెమ్ ఒక్కసారి కూడా లేదు. రోగనిర్ధారణ: ఇడియోపతిక్ హైపర్‌సామ్నియా, దీర్ఘ నిద్ర లేకుండా. గత నెల డ్రైవింగ్‌లో ఒకసారి కునుకు పడింది, మత్తు అదుపులోకి వచ్చేదాకా నడపవద్దని చెప్పాం." ఇందులో ఎన్ని నెలలన్నది ముఖ్యం, ఎందుకంటే ఈ జబ్బుల ప్రమాణాలు కనీసం మూడు నెలలు అడుగుతాయి. కాదని తేల్చినవి రాయడమూ అంతే ముఖ్యం. జి47.12 వేయడానికి ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

చికిత్స మొదలయ్యాక సందర్శనల్లో "స్థిరంగా ఉంది" అన్న మాట అలవాటుగా పడిపోతుంది. ఎప్‌వర్త్ 18 నుంచి 14కి వచ్చి ఆగితే, లక్ష్యం 10 అయితే, అది స్థిరం కాదు. సీపీటీ నిర్వచనంలో చికిత్స లక్ష్యం చేరని దీర్ఘకాలిక జబ్బు, మారకుండా ఉన్నా సరే, స్థిరమైనది కాదు. మందు సర్దుబాటుతో కలిపి చూస్తే సందర్శన స్థాయి (దానికి బిల్లు ఏ మెట్టులో వేయాలన్నది) అక్కడే నిర్ణయమవుతుంది. అలాగే పరీక్ష చదివినందుకు విడిగా బిల్లు చేసిన డాక్టర్, అదే చదవడాన్ని సందర్శన స్థాయి లెక్కలో మళ్లీ కలపకూడదు.

క్వెరీ పంపేటప్పుడు చార్ట్‌లోని ఆధారాలు ముందు పెట్టి, జవాబులను ఎంపికలుగా ఇవ్వాలి: "ఎంఎస్‌ఎల్‌టీ సగటు 5.2 నిమిషాలు, ఆక్టిగ్రఫీ సగటు 8 గంటల 50 నిమిషాలు, నిర్ధారణలో 'హైపర్‌సామ్నియా' అని ఉంది. మీ వైద్య నిర్ణయం ప్రకారం రకం: ఇడియోపతిక్, దీర్ఘ నిద్రతో; ఇడియోపతిక్, దీర్ఘ నిద్ర లేకుండా; మరో జబ్బు వల్ల (పేర్కొనండి); ఇతరం; ఇప్పుడే చెప్పలేను." చివరి రెండూ లేకపోతే అది జవాబు నోట్లో పెట్టిన క్వెరీ అవుతుంది. ఏ కోడ్‌కు ఎంత వస్తుందన్న మాట అందులో ఎక్కడా ఉండకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 (2022 జనవరి 1 నుంచి అమలు) నిద్ర రుగ్మతలకు విడి అధ్యాయమే ఇచ్చింది. అందులో నార్కోలెప్సీ టైప్ 1, టైప్ 2 పేర్లతోనే 7ఎ20.0, 7ఎ20.1గా ఉన్నాయి. ఇడియోపతిక్ హైపర్‌సామ్నియాకు 7ఎ21 ఒక్కటే. మనసుకూ శరీరానికీ మధ్య గీసిన జి, ఎఫ్ గోడ అక్కడ లేదు. అమెరికా క్లెయిమ్‌లలోకి అది ఇంకా రాలేదు కాబట్టి, దీర్ఘ నిద్ర ప్రశ్న, కాటప్లెక్సీ ప్రశ్న ప్రస్తుతానికి ఉన్నట్టే.

ఈలోపు ఒకే పేషెంట్ పేరు కింద రోగనిర్ధారణ మారుతూనే ఉంటుంది. ఎంఎస్‌ఎల్‌టీని కొన్నేళ్ల తర్వాత మళ్లీ చేస్తే టైప్ 2 నార్కోలెప్సీ కాస్తా ఇడియోపతిక్ కావచ్చు, తిరగబడనూ వచ్చు. అప్పుడు పాత క్లెయిమ్‌లను తవ్వి దిద్దనక్కర్లేదు, ఏ రోజు సందర్శనకు ఆ రోజు రాసినదే కోడ్. దిద్దాల్సింది ప్రాబ్లమ్ లిస్ట్, అంటే రికార్డులో పేషెంట్‌కు ఉన్న జబ్బుల జాబితా. అందులో జి47.419, జి47.11 రెండూ పక్కపక్కనే ఉండిపోతే, తర్వాతి ప్రయర్ ఆథరైజేషన్ ఫారంలోకి ఏది దిగుతుందో సాఫ్ట్‌వేర్ ఇష్టం. పాతదాన్ని ముగించి, మార్చిన తేదీ, కారణం ఒక వాక్యంలో రాసి ఉంచాలి.